గోళీలు మూతకెక్కిన ఏరువాక

ఏరువాక ముందు రోజు

ఒక చేత్తో టైపు కొడుతున్నా, రెండో చేతిలో జల్లెడ ఉంది. తప్పులుంటే సర్దుకుని చదవండి.

కొత్తగా చదివేవాళ్ళకి ఒక మాట. నా పేరు అప్పలనరసమ్మ. మూడో సొరంగంలో సందు చివర ఉన్న పురుగుల కొట్టు నాదే. గోళీ పురుగులు, కొమ్ము పురుగులు, జీరంగులు, వాటి ఆకు, వాటి మట్టి, అన్నీ ఉంటాయి. కుక్కపిల్ల ఉందా అని అడిగేవాళ్ళు ఇప్పటికీ వస్తారు. చందమామ మీద మనిషికే గాలి కొలిచి ఇస్తుంటే కుక్కకి ఎవరిస్తారమ్మా. అదే గోళీ పురుగనుకో, ముట్టుకుంటే గోళీలా చుట్టుకుంటుంది, అరవదు, కరవదు, నువ్వు పారేసిన తొక్క తిని నీకు మట్టి చేసి పెడుతుంది. ఇంకేం కావాలి.

రేపు ఏరువాక కదా, మట్టి బస్తాలు కట్టలేక చస్తున్నా. కింద భూమ్మీద ఏరువాక నాడు ఎడ్లని కడిగి, పసుపు పూసి, కొమ్ములకి రంగేసేవారంట. ఇక్కడ ఎడ్లెక్కడివి. మన మట్టిని దున్నేది ఈ గోళీలే. అందుకని మన ముసలాళ్ళ నాటి నుంచీ పూజ వీటికే. డబ్బా కడిగి, మట్టి మార్చి, మూత మీద బొట్టు పెట్టి, కొత్త మట్టిలో చిటికెడు పసుపు చల్లి కలుపుతాం.

మట్టి మార్చేటప్పుడు తోడు మర్చిపోకండి. చందమామ పొడీ కుళ్ళిన ఆకూ ఎంత కలిపినా అది మట్టి కాదు. పాత డబ్బాలోంచి ఒక గుప్పెడు తీసి తోడెయ్యాలి, పాలల్లో పెరుగు తోడేసినట్టు. తోడు పడని మట్టిలో గోళీ నిలవదు. సాయంత్రం దీపాలు పచ్చబడ్డాక మాత్రం ఎవరికీ తోడివ్వకండి, మీకు తెలిసిందే.

ఇంకో విషయం. ఈసారి కొట్లో ఆఫర్ పెట్టా. మట్టి బస్తా కొంటే పసుపు పొట్లం ఉచితం. ఎప్పుడూ తిండి సామాన్లు మిషన్లో అచ్చేసే ప్రింటు గది వాళ్ళిచ్చే పసుపు వాడేవాళ్ళం. ఈ ఏడు మావారు పనిచేసే పంట గదిలో మొదటిసారి పసుపు దుంప పండింది. పనివాళ్ళకి తలా కాస్త ఇచ్చారు. మావారు సన్యాసిరావు పొట్లం తెచ్చి విప్పేసరికి కొట్టంతా ఏదో వాసన. మట్టి వాసనా కాదు, మందు వాసనా కాదు. ఇద్దరం కాసేపు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చున్నాం.

"పప్పులో వేస్తావని తెచ్చానే" అన్నారు.

"పప్పు రోజూ తింటాం, ఏరువాక ఏడాదికోసారి" అన్నా.

"ఊరందరికీ పంచిపెట్టు. మొగుడికి తప్ప."

అలిగారు. సాయంత్రానికి పొట్లాలు ఆయనే కట్టారు.

ఏరువాక

కూర్చోడానికి కూడా ఖాళీ లేదు ఇవాళ. సందులో ప్రతి ఇంటివాళ్ళూ వచ్చారు. పొట్లం వాసన చూడటం, ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకోవడం. ఒకావిడ ఇక్కడే ఏడ్చేసింది. ఎందుకమ్మా అంటే తెలీదంది.

లిఫ్టుల పనిచేసే తవిటయ్యన్న వచ్చి పొట్లం తీసుకున్నాడు గానీ మట్టి కొనలేదు. ఆయన దగ్గర ఉన్నది ఒక్కటే పురుగు, కొమ్ముది. గుడ్డప్పటి నుంచీ పెంచాడు. ఇప్పుడది మట్టి అడుగున గూడు కట్టుకుని నిద్రపోతోంది. లోపల కాళ్ళు, రెక్కలు, కొమ్ము తయారవుతుంటాయి. ఆ సమయంలో గూడు కదిలిస్తే లేచేది వంకర పురుగు, లేకపోతే అసలు లేవదు. అందుకని ఆ డబ్బా ఉన్న బల్లని కూడా ఆయన తుడవడు.

"మట్టి మార్చకుండా పసుపెక్కడ చల్లుతావన్నా" అన్నా.

"దాచుకుంటాను. మావోడు లేచాక నెత్తిన బొట్టెడతాను."

"నీకు పెట్టుకో ముందు, నెత్తి మీద చోటు చాలా ఉంది."

బట్టతల తడుముకుని వెళ్ళిపోయాడు. ఒంటరి మనిషి. రోజుకి పది మాటలు మాట్లాడితే తొమ్మిది ఆ పురుగు గురించే.

ఏరువాక మర్నాడు

పొద్దున కొట్టు తీసేసరికి కొట్లో గోళీలన్నిటికీ మూలమైన తల్లి డబ్బాలో గోళీలన్నీ మూత లోపలికి ఎక్కి ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి, గుత్తులుగా. నీళ్ళెక్కువయ్యాయేమో అనుకున్నా. కొత్త మట్టిలో ఒక్కోసారి అలా జరుగుతుంది. పొడి ఆకు వేశా, మూత కాస్త తెరిచిపెట్టా.

మధ్యాహ్నం చూస్తే రెండో డబ్బా కూడా అంతే. మూడోదీ అంతే. కుబుసం విడుస్తున్నవి కూడా ఎక్కేశాయి. గోళీ ఎప్పుడూ మొదట వెనక సగం విడుస్తుంది, తర్వాత ముందు సగం. అలా సగం తెల్లగా సగం బూడిద రంగులో ఉన్నప్పుడు దానికి ఒళ్ళంతా పచ్చి పుండే, కదలదు. ఇవాళ అవి కూడా కాళ్ళీడ్చుకుంటూ ఎక్కుతున్నాయి. నాకు భయమేసింది.

భయం ఎందుకో పెంచేవాళ్ళకి చెప్పక్కర్లేదు. చెడ్డ గాలి కిందికి దిగుతుంది, గోళీలు పైకెక్కుతాయి. ఆరో సొరంగంలో మీటర్లన్నీ గాలి బాగుందని చూపిస్తుంటే గోళీలు మూతలకెక్కాయి. జనం మీటర్లని నమ్మారు. తెల్లారి చాలామంది లేవలేదు, అందరికీ తెలిసిందే. అప్పటి నుంచీ రూలు పెట్టారు. ఒక సందులో మూడిళ్ళల్లో గోళీలు పైకెక్కితే, సందు ఖాళీ చేయించి వేడి ఆవిరి పెడతారు. మట్టిలో బూజు చేరి గాలి తినేస్తోందని అనుమానం కాబట్టి, ముందు ఆవిరి పెట్టేది మట్టి డబ్బాలకే. డబ్బాలు వెంట తీసుకుపోనివ్వరు.

ఎవరితోనూ అనకుండా మూతలన్నీ మూసేశా. మావారితో మాత్రం అన్నా. ఆయన అన్నం ముందు కూర్చుని తినలేదు.

మంగళవారం

నేను దాచినా దాగుతుందా. పొద్దున్నే ముగ్గురొచ్చారు, డబ్బాలు చంకన పెట్టుకుని. "నరసక్కా, మావి మూతకెక్కాయి." "మావీ అంతే." మూడోవాళ్ళు మూత తీసి చూపించారు.

నీళ్ళు ఎక్కువయ్యాయి, సర్దుకుంటాయి అని చెప్పి పంపెయ్యొచ్చు. నోటి చివరిదాకా వచ్చింది. నా కొట్లో ఉన్న స్టాకంతా పోతుంది, తల్లి డబ్బా పోతుంది. అది మా అత్తగారు చేతిలో పెట్టిన డబ్బా, ఈ సందులో సగం గోళీలకి అదే పుట్టిల్లు. కానీ ఇదే సందులో పిల్లలు కింద చాపల మీద పడుకుంటారు. చెడ్డ గాలి ముందు చేరేది ఆ చాప దగ్గరికే.

జులేఖా మేడం దగ్గరికి నేనే వెళ్ళా. గాలి ఆఫీసులో ఇన్‌స్పెక్టరు, ఉండేది మా సందులోనే. వెంటనే మీటరు పట్టుకుని వచ్చారు. ప్రతి ఇంట్లో నేల మీద పెట్టి చూశారు. గాలి బాగానే ఉందని చూపిస్తోంది.

"బాగానే ఉంది కదా మేడం" అన్నా.

"ఆరో సొరంగంలో కూడా ఇదే చూపించింది నరసమ్మగారూ."

పిల్లలున్నవాళ్ళని ఇవాళే పెద్ద హాలుకి పంపించేశారు. మిగతావాళ్ళు శుక్రవారం పొద్దున. ఆవిరీ ఆ పొద్దున్నే. అప్పటిదాకా ఈ సందు నుంచి మట్టి బయటికి పోకూడదు, బయటి మట్టి లోపలికి రాకూడదు. ఇవన్నీ చెప్పేటప్పుడు ఆవిడ నా ముఖం వంక చూడలేదు. మంచి మనిషి.

బుధవారం

తవిటయ్యన్న హాలుకి రానంటున్నాడు.

"వాడు లేచే టయానికి నేను లేకపోతే ఎలా" అంటాడు.

"ఆవిరి పెడితే ఉడికిపోతావన్నా."

"వాడొక్కడే ఉడకాలా మరి."

"నీకు మతుందా. పురుగది."

"నువ్వు పురుగులమ్ముకుని బతుకుతూ పురుగది అంటున్నావు. బోర్డు మీద రాయించు ఆ మాట."

అన్నాక ఆయనే బాధపడ్డట్టున్నాడు, పోతూ పోతూ కొట్టు ముందున్న బస్తాలు లోపల పెట్టి పోయాడు. ఇక్కడ బస్తా బరువుండదు గానీ, పెట్టిన తీరు బాగుంది.

మా డబ్బాల్లో గోళీలు తిండి మానేశాయి. మూత మీదే ఉండి ఎండిపోతున్నాయి. గోళీకి ఊపిరి పొట్ట కిందున్న తడితోనే, ఆ తడి ఆరితే అంతే. నీళ్ళు పిచికారీ చేస్తూ కూర్చున్నా రోజంతా. కొన్ని రాలి పడ్డాయి. పడ్డవి కూడా మట్టి మీద పడగానే లేచి మళ్ళీ గోడెక్కుతున్నాయి.

గురువారం

ఇవాళ్టిది కాస్త పొడుగు, ఓపికుంటే చదవండి.

సాయంత్రం జులేఖా మేడం కొట్టుకొచ్చారు, చంకలో వాళ్ళమ్మగారిచ్చిన సొంత డబ్బా. బల్ల మీద పెట్టి మూత తీశారు. మూత మీద ఒక్క గోళీ లేదు. అన్నీ కిందే ఉన్నాయి, ఆకు కింద, సున్నపు ముక్క చుట్టూ. ఒకటి తాపీగా తొక్క కొరుకుతోంది.

"నా ఇల్లు మీ కొట్టుకి నాలుగో గుమ్మం. అదే పైపు, అదే గాలి. పొద్దున్నుంచీ వీటినే చూస్తున్నా. ఇవెందుకు ఎక్కలేదు?"

"మట్టి ఎక్కడిది?" అన్నా. కొంచెం దురుసుగానే అన్నాననుకుంటా, నాలుగో సొరంగం కొట్లో కొన్నారేమో అని.

"ఇక్కడిదే. ఏరువాక నాడు మీరే కట్టిచ్చారు. మాకు పూజ లేకపోయినా మట్టి మార్చేది అందరితో పాటే కదా."

నా బస్తా, నా ఆకు, నా సున్నం. గాలి ఒకటి. నేను ఆవిడ డబ్బాని నేల మీద పెట్టించా, నా తల్లి డబ్బా పక్కనే. అవి దిగే ఉన్నాయి, నావి ఎక్కే ఉన్నాయి. నావి ఒక పది తీసి ఆవిడ డబ్బాలో వేశా. కాసేపు చుట్టుకుని ఉండి, విప్పుకుని, తిన్నగా ఆకు కిందికి దూరిపోయాయి. మావారు కూడా వచ్చి వంగి చూస్తున్నారు.

"బస్తాతో పాటు ఇంకేమిచ్చావే?" అన్నారు.

"పొట్లమేగా."

అంటూనే మేడం వైపు తిరిగా.

"మేడం, మీ పొట్లం ఏం చేశారు?"

"పప్పులో వేశా" అన్నారు ఆవిడ. "చాలా బాగుంది. అడుగుదామనుకున్నా, ఇంకో పొట్లం ఉందా అని."

మావారు నా వైపు చూసిన చూపు నేను రాయను.

"ఎప్పట్నుంచో పసుపు కలుపుతున్నాం. ఎప్పుడూ ఏం కాలేదు" అన్నా.

"ఇదివరకు కలిపింది ఎక్కడిది?" అని అడిగారు మేడం.

"ప్రింటు గదిది." అంటుంటేనే నాకు అర్థమైంది. అది రంగేసిన పిండి. మా అత్తగారికీ అదే తెలుసు, నాకూ అదే తెలుసు. ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళెవరూ నిజం పసుపు ముట్టుకోలేదు. ముక్కుతో చూశాం, ఏడ్చాం, తీసుకెళ్ళి గోళీల ఇంట్లో చల్లాం.

రెండు పళ్ళేలు తీశా. ఒకదాంట్లో సగానికి పాత పసుపు, ఇంకోదాంట్లో సగానికి కొత్తది. రెంటిలో గోళీలు వదిలా. పాతదాంట్లో అవి పిండి మీదే షికారు చేశాయి, ఒకటి నాకింది కూడా. కొత్తదాంట్లో పసుపు అంచు దాకా వెళ్ళడం, మీసాలు ఆనించడం, వెనక్కి తిరగడం. ఒక్కటీ దాటలేదు.

నేను నవ్వేశా. మేడం నవ్వలేదు.

"పసుపు సంగతి తేలింది. గాలి సంగతి తేలలేదు" అన్నారు. "రెండూ ఉండొచ్చు కదా. నేను ఆవిరి ఆపి, రేపు ఏ పిల్లకైనా ఏమైనా అయితే?"

ఆవిడ చెప్పింది న్యాయమే. అప్పుడు ఆవిడే ఒక దారి చెప్పారు. ఇంటికో డబ్బాలో పసుపు తగలని మట్టి పోసి, ఆ ఇంటి గోళీలనే వేసి, నేల మీద పెట్టాలి. తెల్లారేసరికి అన్ని ఇళ్ళల్లోనూ కిందే ఉంటే గాలి మంచిదే. ఒక్క ఇంట్లో ఎక్కినా ఆవిరి తప్పదు.

బస్తాల్లో మట్టి ఉంది. తోడు లేదు. సందులో ప్రతి పాత డబ్బాలోనూ పసుపు కలిసింది. బయట నుంచి తేకూడదు. పసుపు పడనిది మేడం డబ్బా ఒకటి, తవిటయ్యన్నది ఒకటి. కబురు తెలిసి ఆయన గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు.

"నాదాంట్లోంచి తీసుకోండి" అన్నాడు.

గుప్పెడు తీసినా గూడు కదులుతుంది. అది ఆయనకి నాకంటే బాగా తెలుసు.

"నీది ఎవరడిగారు? పక్కకి జరుగు, వెలుతురుకి అడ్డం" అన్నా. ఆయన జరిగాడు. గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు.

సరిగ్గా అప్పుడే సందులో దీపాలు తెలుపు పోయి పచ్చబడ్డాయి. మేడం డబ్బాలో పెట్టబోయిన నా చెయ్యి ఆగిపోయింది. దీపాలు పచ్చబడ్డాక తోడు ఇచ్చినింట్లో మట్టి నిలవదంటారు. నేను ఏనాడూ ఎవరికీ ఇవ్వలేదు, అడగలేదు. గుమ్మంలో ఆడవాళ్ళు ముగ్గురు నలుగురు గిన్నెలు పట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్ళూ అడగలేకపోతున్నారు.

జులేఖా మేడం మా ముఖాలు చూశారు. "ఏమైంది?"

చెప్పా.

"పోయేది నా మట్టేగా" అని ఆవిడే చెయ్యి పెట్టి గుప్పెడు తీశారు. "మాకా పట్టింపు లేదు. గిన్నె పట్టండి."

పట్టాం. ఇంటింటికీ వెళ్ళింది. చివరికి ఆవిడ డబ్బాలో అడుగు మాత్రం మిగిలింది, ఆ అడుగునే ఆవిడ గోళీలన్నీ ఇరుక్కుని కూర్చున్నాయి.

శుక్రవారం

ఆవిరి బండి సందు మొగలో నిలబడి ఉంది, గొట్టాలు విప్పేసి. మేడం ఒక్కో ఇంటికీ వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, మూత తీసి చూడటం. నేను వెనకాలే. ఒక ఇల్లు, కిందే. రెండు, కిందే. ఆరో ఇంట్లో మూత మీద ఒకటి కనిపించింది. మేడం వేలితో ముట్టుకున్నారు. అది విడిచిన కుబుసం. అసలుది కింద తెల్లగా కూర్చుని ఉంది.

తవిటయ్యన్న ఇంట్లో నేను మూత ముట్టుకోనివ్వలేదు. పక్కన మా గోళీలు వేసి పెట్టిన గిన్నె చూసుకుని వచ్చేశాం. ఆయన కుర్చీలోనే నిద్రపోయాడు, నోరు తెరుచుకుని.

మా కొట్టు ఆఖరిది. మూత నన్నే తియ్యమన్నారు. తీశా. కింద ఉన్నాయి. ఆకు తిరగేస్తే తల్లి గోళీలు, పొట్ట కింద సంచుల్లో గుడ్లతో.

మేడం బండివాడితో చెప్పారు, "గొట్టాలు చుట్టెయ్. ఇవాళ పని లేదు." తర్వాత నా స్టూలు మీద కూర్చుని, మంచినీళ్ళు అడిగి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా అక్కడే కూర్చున్నారు.

ఆదివారం

లెక్క చూసుకుంటే సుమారు మూడో వంతు పోయాయి. ఎక్కువగా కుబుసం మధ్యలో ఉన్నవే. ఏడుపొచ్చింది. కానీ తల్లి డబ్బా నిలబడింది, దానికిప్పుడు రెండు పుట్టిళ్ళు, మా అత్తగారిదొకటి, జులేఖా మేడం వాళ్ళమ్మగారిదొకటి. పిల్లలు హాలు నుంచి వచ్చేశారు. సందంతా గోల. తవిటయ్యన్న పురుగు ఇంకా నిద్రలోనే ఉంది, దాని పని అది చేసుకుంటోంది. నిన్న ఆయనకి నేను క్షమాపణ చెప్పబోతే, "బోర్డు రాయించావా" అన్నాడు. అంతే, అయిపోయింది.

మిగతా సొరంగాలవాళ్ళకి: పంట గది పసుపు మీకూ వస్తుంది. డబ్బాల్లో చల్లకండి. ఏరువాక పూజకి ప్రింటు గదిదే వాడండి, లేదా మూత మీద బొట్టుతో సరిపెట్టండి. మీ మట్టిలో ఇప్పటికే పడితే నాకు కబురు పెట్టండి, మంచి తోడు పంపుతా, ఏ వేళైనా సరే. మా సందులో ఆ పట్టింపు తీసేశాం.

వాడని పొట్లాలన్నీ జనం వెనక్కి తెచ్చిచ్చారు. పారేయడానికి ఎవరికీ మనసొప్పలేదు. అందుకని ఇవాళ కొట్టు ముందే పెద్ద గిన్నెలో సందందరికీ పప్పు వండా. మావారు మూడుసార్లు వేయించుకున్నారు. మూడోసారి, "ఇది ముందే చేసుంటే" అన్నారు. గరిటె చూపించా, ఊరుకున్నారు.

ఇందాకే తలుపు మీద కాగితం అంటించొచ్చా: పప్పు తిని వచ్చినవాళ్ళు చేతులు కడుక్కుని డబ్బా ముట్టుకోండి.

తవిటయ్యన్న దాన్ని చదివాడు. పచ్చటి వేళ్ళు వెనక్కి పెట్టుకుని, "సబ్బుందా నరసమ్మా" అంటూ నిలబడ్డాడు గుమ్మంలో. ఇచ్చొస్తా.